మహాసభల్లో ఒక్క బల్ల వేయించండి

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ట్రస్టీలకు నమస్కారాలు.

నేను మీ సంఘాల్లో ఒకదానికి లైఫ్ మెంబర్ని. ఈ దేశం వచ్చి ఇరవై రెండేళ్లయింది. మహాసభలకు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక పని నెత్తిన వేసుకున్నాను. భోజనాల దగ్గర వడ్డించాను, ఎండలో పార్కింగ్ చూసుకున్నాను, ఒకసారి అవధానం జరుగుతుంటే మైకులు కూడా సర్దాను. కాబట్టి ఇది బయటివాడి విమర్శ అనుకోకండి, ఇంట్లోవాడి పోరు అనుకోండి.

పోయినసారి మహాసభల్లో రెండో రోజు మధ్యాహ్నం. మటన్ అయిపోయిందన్న కబురు పాకి భోజనాల వరస చెదిరిపోతోంది. నా మెడలో వాలంటీరు బ్యాడ్జీ చూసి ఒకావిడ గబగబా వచ్చింది. "అన్నయ్యగారూ, కాలేజీ ఫీజుల సంగతి చెప్పేవాళ్లు ఇక్కడ ఎవరన్నా ఉన్నారా? మా పాపకి ఇన్-స్టేట్ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో తెలీట్లేదు" అంది. ఫోన్లో యూనివర్సిటీ పంపిన ఉత్తరం తెరిచి పెట్టుకుని ఉంది.

ఆవిడతో కలిసి స్టాళ్ల హాలంతా తిరిగాను. హైదరాబాద్ శివార్ల ఫామ్ ప్లాట్లున్నాయి. అమరావతి విల్లాలున్నాయి. గద్వాల చీరలు, అన్‌కట్ హారాలు, ఆవకాయ, జాతకాలు చూసే ఆయన, మోకాళ్ల నొప్పులకు నూనె, అన్నీ ఉన్నాయి. పిల్లల కాలేజీ ఫీజు గురించి నాలుగు ముక్కలు చెప్పే మనిషి మాత్రం లేడు. చివరికి ఇద్దరం కాఫీ కప్పులు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఆ ఉత్తరం చదివాం.

"ఈ రాష్ట్రానికి ఎప్పుడొచ్చారమ్మా?" అని అడిగాను.

"పోయిన అక్టోబర్లో."

ఆ మాటతో నాకు విషయం అర్థమైపోయింది. ఎందుకంటే ఏడేళ్ల కిందట మేమూ అక్టోబర్లోనే వచ్చాం.

మా కథ చిన్నదే. న్యూజెర్సీలో పదకొండేళ్లున్నాం. పెద్దవాడు పన్నెండో తరగతిలో ఉండగా ఉద్యోగం మారి డాలస్ దగ్గరికి వచ్చేశాం. వాడికి టెక్సస్‌లోనే ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు వచ్చింది. సంబరపడ్డాం. బిల్లు చూశాక నోట మాట రాలేదు. మావాడు అవుట్-ఆఫ్-స్టేట్, అంటే బయటి రాష్ట్రంవాడట! సొంత రాష్ట్రం పిల్లలకిచ్చే తక్కువ ఫీజు, అదే ఇన్-స్టేట్, వాడికి లేదట! టెక్సస్‌లో లెక్క ఏమిటంటే, పిల్లవాడు తల్లిదండ్రుల మీద ఆధారపడినవాడైతే వాడి రెసిడెన్సీ తల్లిదండ్రుల రెసిడెన్సీయే. ఆ తల్లిదండ్రులు సెన్సస్ డేట్ నాటికి రాష్ట్రంలో పన్నెండు నెలలు స్థిరంగా ఉండి తీరాలి. సెన్సస్ డేట్ అంటే సెమిస్టర్ మొదలయ్యాక పన్నెండో క్లాసు రోజు. ఫాల్‌లో అది సెప్టెంబర్లో పడుతుంది. అక్టోబర్ నుంచి సెప్టెంబర్‌కి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, పదకొండు నెలలు. పోనీ న్యూజెర్సీ సంగతి చూద్దామంటే, మేం అక్కడి నుంచి మూటాముల్లే సర్దుకుని వచ్చేశాం. పదకొండేళ్లు పన్నులు కట్టిన రాష్ట్రంలో పాతవాళ్లం, వచ్చిన రాష్ట్రంలో కొత్తవాళ్లం. రెంటికి చెడ్డ రేవడి అంటే ఏమిటో ఆ ఆగస్టులో తెలిసింది.

అంతవరకూ అయితే ఖర్మ అనుకోవచ్చు. అసలు తప్పు ఆ తర్వాత చేశాను. ఒకసారి అవుట్-ఆఫ్-స్టేట్ అని ముద్ర పడితే నాలుగేళ్లూ అంతేననుకుని నోరు మూసుకుని కట్టాను. జనవరి నాటికి మాకు పన్నెండు నెలలు ఎప్పుడో నిండాయి. స్ప్రింగ్ సెమిస్టర్ సెన్సస్ డేట్ లోపల రెసిడెన్సీ ప్రశ్నల ఫారం మళ్లీ నింపి, మా ఉద్యోగం కాగితాలు, ఇంటి కాగితాలు జతచేసి రీక్లాసిఫికేషన్ అడిగి ఉంటే ఆ సెమిస్టర్ నుంచే ఇన్-స్టేట్ ఫీజు పడేది. అలా అడగొచ్చని ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. రెండో ఏడాది జిమ్‌లో పరిచయమైన ఒక గుజరాతీ ఆయన చెబితే తెలిసింది. అప్పటికే పన్నెండు వేల డాలర్ల దాకా అదనంగా కట్టేశాం. తప్పు నాదే. కానీ నాలాంటి తప్పు ఏటా ఎన్ని తెలుగిళ్లు చేస్తున్నాయో మీరు ఒకసారి ఆలోచించాలి.

అయ్యా, లోకల్, నాన్-లోకల్ గొడవ మనకు కొత్తా? మీలో పెద్దవాళ్లు 1972లో గుంటూరులోనో వరంగల్లులోనో కాలేజీ పిల్లలు. పదిహేనేళ్లు తెలంగాణలో ఉన్నవాడే ముల్కీ, అంటే లోకల్, అన్న నిబంధన చెల్లుతుందని ఆ ఏడాది అక్టోబర్లో సుప్రీంకోర్టు చెప్పడం, జై ఆంధ్ర ఉద్యమం రాజుకోవడం, క్లాసులు పోవడం మీ కళ్లతో చూశారు. 1973లో ఆరు సూత్రాల పథకం, ఆ వెనకే రాజ్యాంగంలో 371-డి, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. మా తరంవాళ్లం ఎంసెట్ కౌన్సెలింగ్‌కి పోయేటప్పుడు తిరిగిన ప్రతి స్కూలు నుంచి స్టడీ సర్టిఫికెట్ తెచ్చి ఫైల్లో పెట్టుకున్నాం. ఉస్మానియా లోకలా, ఆంధ్రా లోకలా, ఎస్వీయూ లోకలా అని మాకు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం.

మరి అంత తెలిసినవాళ్లం ఇక్కడికొచ్చి ఎందుకు బోల్తాపడుతున్నాం? నాకు తోచిన కారణం ఇది. అక్కడి లెక్కనే ఇక్కడా వేసుకుంటున్నాం. అక్కడ స్థానికత పిల్లవాడు ఎక్కడ చదివాడన్న దాన్ని బట్టి వస్తుంది. వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివాడా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో మొదటి ప్రశ్న తల్లిదండ్రులు ఎక్కడ కాపురం పెట్టారు, ఎప్పటి నుంచి పెట్టారు, అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో పెట్టారా అన్నది. దాన్నే డొమిసైల్ అంటారు. అక్కడ పిల్లవాడి మార్కుల జాబితా సాక్ష్యం. ఇక్కడ తండ్రి జీతం కాగితం, తల్లి డ్రైవింగ్ లైసెన్సు, ఇంటి లీజు, కారు రిజిస్ట్రేషన్, రాష్ట్రానికి కట్టిన పన్ను సాక్ష్యాలు. అక్కడ వెనక్కి తిరిగి సర్టిఫికెట్లు తెచ్చుకోవచ్చు. ఇక్కడ ఆ పన్నెండు నెలలు మాత్రం ముందే నడిచి ఉండాలి, వెనక్కి తెచ్చుకోలేం.

ఈ పన్నెండు నెలలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా మనవాళ్లకు చెప్పాలి. 1862లో లింకన్ సంతకం పెట్టిన మోరిల్ చట్టం రాష్ట్రాలకు కేంద్రం భూములిచ్చింది. కాంగ్రెస్‌లో ఆ రాష్ట్రానికి ఉన్న ఒక్కో సభ్యుడికి 30,000 ఎకరాల లెక్కన ఇచ్చి, వాటిని అమ్ముకుని వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కాలేజీలు పెట్టుకోమంది. పర్డ్యూ, టెక్సస్ ఏ అండ్ ఎం ఆ పంటే. తర్వాత రాష్ట్రాలు తమ పన్నుల డబ్బుతో ఆ కాలేజీలను సాకుతూ వచ్చాయి. మా పన్నుతో నడిచే కాలేజీలో మా పిల్లలకు తక్కువ ఫీజు, బయటి పిల్లలకు పూర్తి ఫీజు అన్న న్యాయం అక్కడ పుట్టింది. ఎవరు మావాళ్లు, ఎవరు బయటివాళ్లు అన్న తగువూ అక్కడే పుట్టింది.

ఆ తగువు మూడుసార్లు గట్టిగా కోర్టుకెక్కింది. మొదటిది మిన్నెసోటాలో. ఏడాది ఆగితే గానీ ఇన్-స్టేట్ ఇవ్వమన్న నిబంధన తప్పు కాదని 1971లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. రెండోది కనెక్టికట్‌లో. కాలిఫోర్నియా నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన క్లైన్ అనే విద్యార్థిని. లైసెన్సు కనెక్టికట్‌దే, కారు నంబరు కనెక్టికట్‌దే, ఓటూ అక్కడే. అయినా దరఖాస్తు పెట్టిననాడు అడ్రసు బయటిది కాబట్టి చదువు అయ్యేవరకూ బయటిదానివేనంది రాష్ట్ర చట్టం. అలా శాశ్వతంగా ముద్ర వేయడం కుదరదు, తాను ఇప్పుడు ఇక్కడిదాన్నేనని రుజువు చేసుకునే దారి ఉండాలని 1973లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. చూశారా, ఒకసారి ముద్ర పడితే అంతేననుకుని నేను పన్నెండు వేలు పోగొట్టుకున్న ఆ నమ్మకాన్ని సుప్రీంకోర్టు నేను పుట్టకముందే కొట్టేసింది. నాకే తెలియలేదు.

మూడోది మనకు అన్నిటికన్నా ముఖ్యం. మేరీల్యాండ్ యూనివర్సిటీ మీద వేసిన కేసు అది. అంతర్జాతీయ బ్యాంకుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు జీ-4 వీసా మీద ఉండేవారు. వీసా మీద ఉన్నవాళ్లకు ఇన్-స్టేట్ లేదంది యూనివర్సిటీ. మీకు ఇక్కడ స్థిరపడే హక్కు లేదని కేంద్రం అనలేదు, అనని మాట రాష్ట్రం ఎలా అంటుందని 1982లో సుప్రీంకోర్టు అడిగింది, పిల్లలు గెలిచారు. ఈ తీర్పు హెచ్-1బీ ఉద్యోగుల పిల్లలకు ఇచ్చే హెచ్-4 వీసా గురించి కాదు. కానీ ఆ తర్కం మనకు పనికొస్తుంది. విద్యార్థి వీసా ఎఫ్-1 తీసుకునేవాడు స్వదేశంలో ఇల్లు వదులుకోనని చెప్పాలి. హెచ్-1బీకి ఆ షరతు లేదు. అందుకే చాలా రాష్ట్రాల్లో హెచ్-1బీ తండ్రి డొమిసైల్ చూపించి హెచ్-4 పిల్లకు ఇన్-స్టేట్ అడగొచ్చు. కొన్ని చోట్ల హెచ్-4 ఉంటే చాలంటారు. కొన్ని చోట్ల గ్రీన్‌కార్డు దారిలో ఎంతవరకూ వచ్చారో కాగితం చూపించమంటారు. రాష్ట్రానికో తీరు. "మనం వీసా మీద ఉన్నాం, మనకెందుకిస్తారు" అని అడగకుండానే ఊరుకునే తండ్రులను నేను డజన్ల కొద్దీ చూశాను. అడగకపోయినా అమ్మ అన్నం పెడుతుందేమో గానీ, అడగకపోతే యూనివర్సిటీ ఫీజు తగ్గించదు.

హెచ్-4 పిల్లల సంగతి ఇంకో నిమిషం వినండి. ఫాఫ్సా నింపితే వచ్చే పెల్ గ్రాంటు, కేంద్రం అప్పులు సిటిజన్లకు, గ్రీన్‌కార్డులాంటివి ఉన్నవాళ్లకు మాత్రమే. జార్జియాలో మంచి మార్కులొచ్చిన పిల్లలకు ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్పూ అంతే. హెచ్-4 మీద క్యాంపస్‌లో గంటకింత అని లైబ్రరీ ఉద్యోగం కూడా చేసుకోకూడదు. అంటే ఆ పిల్లకు ఈ దేశంలో దొరికే పెద్ద రాయితీ ఒక్క ఇన్-స్టేటే. అదీ ఎన్నాళ్లు? ఇరవై ఒకటో పుట్టినరోజు నాటికి గ్రీన్‌కార్డు రాకపోతే హెచ్-4 పోతుంది. భారతదేశంలో పుట్టినవాళ్ల వరస ఎంత పొడవో మీకు నేను చెప్పాలా? దేశానికి ఏడు శాతమే అన్న పరిమితి ఉన్నంతకాలం మూడేళ్లప్పుడు ఇక్కడికొచ్చిన పిల్ల కూడా కాలేజీ మూడో ఏట ఎఫ్-1కి మారాల్సి వస్తుంది. అప్పుడు కొన్ని చోట్ల ఇన్-స్టేట్ కూడా ప్రశ్నలో పడుతుంది. ఈ సంగతి పన్నెండో తరగతిలోనే ఆ ఇంట్లో మాట్లాడుకోవాలి. చాలా ఇళ్లలో ఇరవయ్యో ఏట తెలుస్తోంది.

ఇప్పుడు డబ్బు మాట. కాలేజ్ బోర్డు లెక్క ప్రకారం 2024-25లో నాలుగేళ్ల ప్రభుత్వ కాలేజీల్లో సగటు ట్యూషన్, ఫీజులు ఇన్-స్టేట్ పిల్లలకు 11,610 డాలర్లు. బయటి రాష్ట్రం పిల్లలకు 30,780. ప్రైవేటు కాలేజీలకు 43,350. కమ్యూనిటీ కాలేజీకి 4,050. ఇది ఫీజు ఒక్కటే, తిండి, గది వేరు. ఇన్-స్టేట్‌కీ అవుట్-ఆఫ్-స్టేట్‌కీ ఏడాదికి 19,170 తేడా, నాలుగేళ్లకు 76 వేలు దాటుతుంది. ఇది సగటు మాత్రమే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లలో బయటివాళ్ల మీద వేసిన అదనపు రుసుమే ఆ ఏడాది 34 వేల పైన. ఆ డబ్బుకు మన మహాసభల స్టాళ్లలో ప్లాటు వస్తుంది. తమాషా ఏమిటంటే ఆ ప్లాటు కొనేముందు మనవాళ్లు లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ల వెనక్కి చూస్తారు. కాలేజీ ఫారంలో రెసిడెన్సీ పేజీ మాత్రం పిల్లవాడి చేతికే వదిలేస్తారు.

పిల్లవాడు ఆ పేజీని పది నిమిషాల్లో నింపేస్తాడు. "మీ తల్లిదండ్రులు ఈ రాష్ట్రానికి ఎప్పుడొచ్చారు?" అని ఉంటుంది. వాడు గుర్తున్న నెల వేస్తాడు. లీజు మీద ఇంకో నెల ఉంటుంది. తండ్రి డ్రైవింగ్ లైసెన్సు మార్చుకుంది ఇంకో నెల. నార్త్ కరోలినాలో అయితే రాష్ట్రమంతటికీ ఒకే రెసిడెన్సీ నిర్ణయ సేవ ఉంది. అందులో నింపాక వచ్చే నంబరే అక్కడి అన్ని కాలేజీలకూ పోతుంది. ఒక్కచోట తప్పితే అన్నిచోట్లా తప్పినట్టే. మూడు కాగితాల్లో మూడు తేదీలుంటే ఆఫీసులో కూర్చున్న మనిషికి అనుమానం రాకుండా ఉంటుందా? కొత్త రాష్ట్రానికి లారీ దిగిన వారంలోనే లైసెన్సు, కారు నంబరు మార్చుకుని, లీజు, కరెంటు బిల్లు ఒక కవర్లో పెట్టుకోమని చెప్పే పెద్దదిక్కు కావాలి. ఆ లైసెన్సు ఆఫీసులోనే ఇంకో గోతి ఉంది. ఓటరుగా నమోదు చేయమంటారా అని అడుగుతారు. సిటిజన్ కానివాళ్లు తెలిసో తెలియకో అక్కడ అవునని టిక్కు పెడితే రెసిడెన్సీ మాట దేవుడెరుగు, గ్రీన్‌కార్డుకే ఎసరు వస్తుంది.

ఇంకో తప్పు ఉంది, దాన్ని మనం తప్పని కూడా అనుకోవడం లేదు. "మా బాబాయి వాళ్లు వర్జీనియాలో ఉన్నారు, వాళ్ల అడ్రసు పెడితే పోలా?" అంటారు. పోదు. చదువు కోసమే వచ్చి ఉన్న పిల్లవాడి సొంత అడ్రసుకు విలువ తక్కువ, చూసేది తల్లిదండ్రుల కాపురం. దొంగ అడ్రసు బయటపడితే తేడా డబ్బు వెనక్కి కట్టాలి. వీసా మీద ఉన్నవాడికి అబద్ధపు సంతకం అంతకన్నా పెద్ద గుదిబండ. నాన్న ప్రాజెక్టు ఒక రాష్ట్రంలో, అమ్మా పిల్లలు ఇంకో రాష్ట్రంలో ఉండే కన్సల్టెన్సీ ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. అలాంటివాళ్లు ఏ రాష్ట్రానికి లోకల్ అవుతారో తొమ్మిదో తరగతిలోనే తేల్చుకోవాలి.

సరే, ఇన్-స్టేట్ రాలేదు. దారులు మూసుకుపోయాయా? లేదు. ఇక్కడే మీ సాయం ఎక్కువ కావాలి. పశ్చిమ రాష్ట్రాల ఒప్పందం ఒకటి ఉంది, దాన్ని డబ్ల్యూయూఈ అంటారు. అందులో ఉన్న కాలేజీలు ఆ ఒప్పందంలోని మిగతా రాష్ట్రాల పిల్లలకు ఇన్-స్టేట్ ఫీజుకు ఒకటిన్నర రెట్లకు మించకుండా తీసుకుంటాయి. మిడ్‌వెస్ట్ రాష్ట్రాలకూ, న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలకూ ఇలాంటివే ఉన్నాయి. దక్షిణాదిన చాలా రాష్ట్రాల్లో, మీ రాష్ట్రంలో లేని కోర్సు పక్క రాష్ట్రంలో ఉంటే ఇన్-స్టేట్ ఫీజుకే చదవనిచ్చే ఏర్పాటుంది. నార్త్ కరోలినాలో నాలుగు ప్రభుత్వ యూనివర్సిటీల్లో సెమిస్టర్ ట్యూషన్ 500 డాలర్లు, బయటివాళ్లకు 2,500. పర్డ్యూ 2013 నుంచి ట్యూషన్ పెంచలేదు. ఈ పేర్లు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నడూ తిరగవు.

టెక్సస్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. ఎమ్మెస్‌కి వచ్చే మన పిల్లలకు అది బాగా తెలుసు, ఇక్కడున్న తల్లిదండ్రులకే తెలియదు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ పోటీ పెట్టి కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇస్తే ఆ విద్యార్థికి బయటి రాష్ట్రం ఫీజు మాఫీ చేయవచ్చు. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్‌తో వేల డాలర్లు మిగులుతాయి. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ స్కాలర్‌షిప్ యూనివర్సిటీ గుర్తించిన కమిటీ చేతిమీదుగా రావాలి. మీరు వేదిక మీద శాలువా కప్పి ఇచ్చే వెయ్యి డాలర్ల చెక్కుకు ఆ శక్తి లేదు. అదే డబ్బు యూనివర్సిటీకే నిధిగా ఇచ్చి, వాళ్ల కమిటీయే పోటీ పెట్టేలా చేస్తే ఉండవచ్చు. దాతలు మీ దగ్గరున్నారు. దారి మార్చమంటున్నాను, అంతే.

ఇక కమ్యూనిటీ కాలేజీ. ఈ మాట ఎత్తగానే మన విందుల్లో గొంతులు తగ్గిపోతాయి, ఇంట్లో ఏదో జరగకూడనిది జరిగినట్టు. మా ఊళ్లో ఇంటి పన్ను బిల్లు తీసి చూడండి. స్కూళ్లకింత, కౌంటీకింత, కమ్యూనిటీ కాలేజీకింత అని విడివిడిగా వరసలుంటాయి. ఏటా దానికి డబ్బు కడుతూ, అందులో పిల్లవాణ్ణి చేర్చడం నామోషీ అంటాం. కాలిఫోర్నియాలో ఆ రాష్ట్రం పిల్లలకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. అక్కడ రెండేళ్లు చదివి అడిగిన మార్కులు తెచ్చుకుంటే డేవిస్, అర్వైన్, శాంటా బార్బరాతో కలిపి ఆరు యూసీ క్యాంపస్‌లు సీటు ఖాయమని ముందే రాసిస్తాయి. వర్జీనియాలో నోవా అనే కమ్యూనిటీ కాలేజీ నుంచి జార్జ్ మేసన్ యూనివర్సిటీకీ, యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాకీ అలాంటి ఒప్పందాలున్నాయి. ఫ్లోరిడాలో రెండేళ్ల ఏఏ డిగ్రీ తెచ్చుకుంటే రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏదో ఒకదానిలో చోటు గ్యారంటీ. చివరికి చేతికొచ్చే పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే, మొదటి రెండేళ్ల కాలేజీ పేరు కాదు. అక్టోబర్లో వచ్చిన మాలాంటివాళ్లకైతే ఇది పట్టా సంగతే కాదు, కాలం గడిపే తెలివి. మొదటి సెమిస్టర్ అక్కడ చదివి పన్నెండు నెలలు నిండాక మారి ఉంటే మావాడికి ఆ పన్నెండు వేలలో చాలా భాగం మిగిలేది.

ప్రభుత్వ కాలేజీలో ఫీజే కాదు, సీటు కూడా రాష్ట్రం పిల్లలదే ముందు. నార్త్ కరోలినా ప్రభుత్వ యూనివర్సిటీల్లో బయటివాళ్లకు పరిమితి ఉంది. చాపెల్ హిల్‌లో కొత్తగా చేరేవాళ్లలో 18 శాతానికి మించి బయటివాళ్లుండకూడదు. టెక్సస్‌లో 1997 చట్టం ప్రకారం ప్రతి హైస్కూలు నుంచి పై పది శాతం పిల్లలకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం. యూటీ ఆస్టిన్‌లో అది తగ్గుతూ వచ్చి 2026 ఫాల్ నుంచి పై 5 శాతం. మనవాళ్లు స్కూలు రేటింగ్ చూసి ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు కొంటారు. ఆ స్కూల్లో అందరూ మన పిల్లలంత చదివేవాళ్లే కాబట్టి పై ఐదు శాతంలో చోటు కోసం కొట్టుకుంటారు. ఇది ఇల్లు కొనేముందు చెప్పాల్సిన మాట. రియల్ ఎస్టేట్ స్టాలు వాళ్లు చెప్పరు, మీరు చెప్పాలి.

ఇంతకూ మిమ్మల్ని అడిగేది ఏమిటి? నాలుగే.

మొదటిది, మహాసభల హాల్లో ఒక బల్ల. హారాల స్టాలుకీ ప్లాట్ల స్టాలుకీ మధ్య అయినా సరే. దాని వెనక డబ్బు తీసుకోని నలుగురు మనుషులు కావాలి. ఈ దారిన ఇప్పటికే నడిచిన తల్లిదండ్రులు ఇద్దరు, కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి మారిన పిల్లలు ఇద్దరు చాలు. వీసా చిక్కు వస్తే లాయరు దగ్గరికి పంపండి, సొంత వైద్యం వద్దు.

రెండోది, తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ప్రతి ఊళ్లో ఏడాదికొక సాయంత్రం. ఎస్ఏటీ మెలకువలు చెప్పడానికి కాదు, ఆ రాష్ట్రం రెసిడెన్సీ నిబంధన ఒక్క కాగితం మీద చదివి వినిపించడానికి. ఎన్ని నెలలు, ఏ తేదీ నాటికి, ఏ కాగితాలు, హెచ్-4కి ఏమంటారు, ఇరవై ఒకటి నిండితే ఏమవుతుంది. ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు ఏటా ఆగస్టులో సరిచూడాలి, ఎందుకంటే ఈ చట్టాలు మారుతుంటాయి. 2001 నాటి టెక్సస్ ఇన్-స్టేట్ చట్టంలో ఒక భాగం 2025 జూన్‌లో ఒక్క రోజులోనే కోర్టు ఉత్తర్వుతో పోయింది. నిన్నటి వాట్సాప్ జ్ఞానం రేపటికి పనికిరాదు.

మూడోది, మీ పత్రికల్లో అచ్చేసే ఫొటోలు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ పిల్లల పక్కన, రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి అప్పు లేకుండా ఇంజినీరయిన పిల్లను కూడా వేయండి. ఆ ఫొటో చూసి నామోషీ తగ్గే ఇళ్లు ఎన్నో ఉంటాయి.

నాలుగోది కాస్త పెద్దది. రాష్ట్ర శాసనసభ్యులు మీ వేదికల మీదికి వస్తారు, దీపం వెలిగిస్తారు, మీరు ఫొటోలు దిగుతారు. ఆ రెండు నిమిషాల్లో ఒక్క మాట అడగండి. ఈ రాష్ట్రంలో స్కూలు చదువు చదివి, ఇరవై ఒకటి నిండగానే ఎఫ్-1కి మారాల్సి వచ్చిన పిల్లకు ఇన్-స్టేట్ తీసేయవద్దని. గ్రీన్‌కార్డు వరస వాషింగ్టన్ చేతిలో ఉంది, ఈ ఫీజు మాత్రం రాష్ట్రం చేతిలోనే ఉంది.

ఆ మెట్ల మీద కూర్చున్న చెల్లెమ్మకు నేను చెప్పింది ఒక్కటే. అక్టోబర్లో పన్నెండు నెలలు నిండుతాయి, స్ప్రింగ్ సెన్సస్ డేట్ లోపల రీక్లాసిఫికేషన్ ఫారం మళ్లీ నింపు, మీవారి జీతం కాగితాలు, ఇంటి లీజు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టు. ఫోనులోనే రాసుకుంది. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల కోసం రెండు రోజులుగా ఎవర్ని అడగాలో తెలియక హాలంతా తిరిగింది.

వచ్చే మహాసభల్లో ఆ బల్ల వేయించండి. కుర్చీ నేను తెచ్చుకుంటాను.

ఇట్లు,
మీ లైఫ్ మెంబర్ ఒకడు,
డాలస్ శివార్ల నుంచి